దక్షిణం వైపు తలుపు

నేనిప్పుడు ఆసిఫాబాద్‌లో అద్దెకుండే గది కింద ఒక బట్టలు కుట్టే దుకాణం ఉంది. పొద్దుగూకాక దాని యజమాని షట్టరు దించుతాడు. ఆ ఇనుపరేకు గరగరమంటూ జారి, చివర్న నేలకు తగిలి ఢమ్మంటుంది. దుకాణం మూసుకునేవాడు మూసుకుంటాడు, అందులో వింతేముంది అంటారు మీరు. నాకు మాత్రం ఆ చప్పుడు వినబడగానే చేతిలో పని ఆగిపోతుంది. “ఇంకొకటి సచ్చింది” అనేవారు మా ప్రమీల మేడం, ఆ చప్పుడు విన్నప్పుడల్లా. షట్టరంటే ఆమెకు అంత కోపం. మూసిన షట్టరును పక్కింటి తగాదాకోరును చూసినట్టు చూసేవారు. ఆమె పోయి మొన్నటి వానాకాలానికి ఏడాది దాటింది. ఆమెను ఎరగనివాళ్లకు ఆమె గురించి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మొదలుపెట్టిన ప్రతిసారీ ఆమె గొప్పతనంతోనే మొదలుపెడతాను, ఆ స్టేషన్ రోడ్డు దగ్గరికి వచ్చేసరికి నోరు కట్టుకుపోతుంది. ఈసారి రోడ్డు సంగతి కూడా చెప్పేస్తాను. అది చెప్పకపోతే ఆమె గురించి ఏమీ చెప్పనట్టే.

కరీంనగర్ నుంచి బస్సులో గంట ప్రయాణమంత దూరంలో ఉన్న నేతకార్మికుల పట్నం అది. పేరు రాయను. ఆమె అక్కడి మున్సిపాలిటీలో టౌన్ ప్లానింగ్ అధికారి, నేను ఆమె కింద కొత్తగా చేరిన సహాయకురాలిని. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆరడుగులు. ఆదిలాబాద్ వైపు మనిషి కాబట్టి కోపం వస్తే తెలుగులోంచి మరాఠీలోకి జారిపోయేవారు. తిట్టిన తిట్టేమిటో అర్థం కాక కాంట్రాక్టర్లు ఇంకా ఎక్కువ భయపడేవాళ్లు. పెళ్లి ఎందుకు చేసుకోలేదు మేడం అని ఎవరైనా ధైర్యం చేసి అడిగితే “పర్మిషన్ దొరకలే” అనేవారు. ఇక నా సంగతి. నేను బొగ్గుబాయి కార్మికుడి బిడ్డను, కంపెనీ క్వార్టర్లలో పెరిగినదాన్ని. అక్కడ గోడ ఎక్కడుండాలో, తలుపు ఎటుండాలో, నల్లా నీళ్లు ఎప్పుడు రావాలో అన్నీ కంపెనీయే చూసుకుంటుంది. మనం వెళ్లి గిన్నెలు సర్దుకోవడమే. అలాంటిదాన్ని ఒక పట్నానికి ప్లాను గీయడానికి వచ్చానంటే నాకే నవ్వొచ్చేది.

చేరిన మొదటి రోజు ఆమె నాకు కుర్చీ చూపించలేదు. కూరగాయల మార్కెట్‌కు తీసుకుపోయి ఒక సంచిలో ఉల్లిగడ్డలు, ఇంకో సంచిలో గుమ్మడికాయ వేయించి, రైల్వే స్టేషన్ రాబోయే జాగా నుంచి బస్టాండ్ దాకా నడవమన్నారు. ఎండ మాడు పగలగొడుతోంది. సంచులు కోసుకుపోయి వేళ్లు ఎర్రబడ్డాయి. నేను ఎక్కడ సంచులు కింద పెట్టి చేతులు విదిలించుకుంటే అక్కడ ఆమె వెనకే వచ్చి సుద్దముక్కతో గీత గీశారు. ఇక్కడ నీడ కావాలి, ఇక్కడ కూర్చోవడానికి గద్దె కావాలి అని తనలో తాను అనుకుంటూ. కొత్తగా చేరిన ప్రతి మనిషితోనూ ఆమె ఇలాగే మోయించేవారట. పైనుంచి తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన చేతికి కూడా సంచి ఇవ్వబోతే ఆయన నడుంనొప్పి అని తప్పించుకున్నాడు. ఆ రోజు నేను లోపల్లోపల ఆమెను తిట్టని తిట్టు లేదు. బస్టాండ్ చేరాక చెరుకురసం తాగించి, “కాగితం మీద ఊరికి బరువుండదు రజితా, మోస్తెనే తెలుస్తది” అన్నారు. ఆ మాటతో నా తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాననుకోకండి. చేతుల నొప్పి తగ్గడానికి రెండు రోజులు పట్టింది, అప్పటిదాకా తిట్టాను. కానీ ఇప్పుడు నేనూ నా దగ్గర చేరినవాళ్లతో అదే చేయిస్తున్నాను, వాళ్లూ నన్ను తిట్టుకుంటూనే ఉంటారు.

దేవుళ్లూ దిక్కులూ ముహూర్తాలూ ఆమెకు పట్టేవి కావు. ఒకసారి ఆఫీసువాళ్లమంతా కలిసి కొండగట్టు అంజన్న దర్శనానికి వెళ్తుంటే ఆమె కూడా బయల్దేరారు. మాకు ఆశ్చర్యం. మేం క్యూలో నిలబడి దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆమె మెట్ల పక్కన కూర్చుని, ముసలివాళ్లు ఏ మెట్టు దగ్గర కూలబడుతున్నారో, పిల్లల తల్లులు ఏ నీడ వెతుక్కుంటున్నారో చూస్తున్నారు. దండం పెట్టుకోలేదా మేడం అని మా అటెండర్ అడిగితే, “ఆయన కొండనే మోసిండట గద, నా దండం కూడ ఎందుకు పాపం” అన్నారు. అందరం నవ్వాం. ఆమె వేసే జోకుల్లో ఎప్పుడూ విషం ఉండేది కాదు. ఆ జోకులకు మేం ఎంత అలవాటుపడ్డామంటే, ఆమె నోరు తెరవగానే నవ్వడానికి తయారుగా ఉండేవాళ్లం.

ఊరికి రైలొస్తుందన్న మాట ఎన్నికలు వచ్చినప్పుడల్లా వినబడి మళ్లీ మాయమయ్యేదట. చివరికి నిజంగానే వచ్చింది. ఇక్కడ జాగా ఎలా ఉండేదో కాస్త ఓపిగ్గా వినాలి. ఊరికి దక్షిణం కొసన నేతకార్మికుల ఇళ్లు ఒకే వరుసలో ఉండేవి. వాటి తలుపులన్నీ ఉత్తరం వైపు, పాత గల్లీలోకి. ఇంటి వెనక భాగంలో, అంటే దక్షిణం వైపు, సాంచాలు నడిచే రేకుల గదులు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆ గదుల వెనక మక్కచేలు. స్టేషన్ ఆ చేలల్లోనే వచ్చింది. స్టేషన్‌కు పోయే కొత్త రోడ్డును సరిగ్గా ఈ ఇళ్ల వీపును ఆనుకుని వేశారు. నిన్నటిదాకా పెంటకుప్పలు వేసుకున్న వెనకవైపు ఒక్కసారిగా ముందువైపు అయి కూర్చుంది. రోడ్డు వెడల్పులో సాంచాల గదులు సగం సగం పోయాయి. కాబట్టి ప్రతి ఇంటివాళ్లూ మళ్లీ కట్టుకోక తప్పదు. కట్టుకోవాలంటే మా ఆఫీసు పర్మిషన్ కావాలి.

స్టేషన్ చుట్టూ, మనిషి హాయిగా నడిచి రాగలిగినంత మేర, ఎవరు ఏం కట్టవచ్చు, ఎలా కట్టవచ్చు అనే నియమాలు రాసే పని మేడం మీద పడింది. విదేశాల్లోని పెద్ద నగరాల్లో రోడ్డు మీద నడిచే ట్రాముల్లాంటి చిన్న రైళ్లుంటాయి కదా, వాటి స్టేషన్ల చుట్టూ ఇలాంటి నియమాలు పెడతారని ఆమె ఏదో శిక్షణలో విని వచ్చారు. కింద మడిగెలు, అంటే దుకాణాల గదులు, పైన ఇళ్లు. రోడ్డు అంచు దాకా కట్టుకోవాలి, ముందు ప్రహరీ గోడ ఉండకూడదు. మడిగెల ముందు నడిచేవాళ్లకు నీడ ఉండాలి. కార్లు పెట్టుకోవడానికి ఇంత జాగా వదలాల్సిందే అనే బలవంతం ఉండకూడదు, ఎందుకంటే రైలెక్కేవాడు నడిచే వస్తాడు. మన పాత బజార్లన్నీ ఇలాగే ఉండేవి కదా మేడం అన్నాను నేను. మనం మర్చిపోయిన పాఠాన్ని మనకే ఫీజు తీసుకుని చెప్తున్నారు అని నవ్వారామె. కార్ల విషయంలో కౌన్సిల్లో పెద్ద గొడవ అయింది. కారున్న ప్రతి సభ్యుడూ పేదల కార్ల గురించి కన్నీళ్లు పెట్టుకున్నాడు. మేడం ఒక్క అంగుళం తగ్గలేదు.

అంతకన్నా పెద్ద చిక్కు సాంచాలతో వచ్చింది. రూల్సు ప్రకారం సాంచా అంటే ఫ్యాక్టరీ. ఇళ్లూ దుకాణాలూ ఉండే చోట ఫ్యాక్టరీకి పర్మిషన్ లేదు. అంటే మళ్లీ కట్టుకునే ఇళ్లలో సాంచా పెట్టుకోవడానికి వీల్లేదన్నమాట. సాంచా లేకపోతే ఆ మనుషులు ఆ వాడలో ఉండి ఏం తింటారు? మేడం కరీంనగర్‌కూ హైదరాబాద్‌కూ కాళ్లరిగేలా తిరిగారు. చివరికి పై అధికారి ఒకాయన్ను బతిమాలి వాడకు తీసుకొచ్చి రాజవ్వ ఇంట్లో కూర్చోబెట్టారు. రాజవ్వ అంటే ఆ వరుసలో మధ్యింటి ఆమె. భర్త మల్లేశం సాంచా నడిపేవాడు, ఆమె నూలు కండెలు చుట్టేది, అత్త కూడా వాళ్ల దగ్గరే ఉండేది. ఆ రోజు ఒక పక్క సాంచా టకటకమంటోంది, ఇంకో పక్క పొయ్యి మీద సర్వపిండి కాలుతోంది. ఆ అధికారి రెండు ముక్కలు తిని, మూడోది చేతిలో ఉండగా మేడం అడిగారు, ఇది ఇల్లో ఫ్యాక్టరీయో మీరే చెప్పండి సార్ అని. ఆయన చుట్టూ చూసి, నమలడం పూర్తిచేసి, ఇల్లే అన్నాడు. అలా సాంచాలు బతికాయి. ఇక ఆ వాడవాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు అని మేడం ఆ రోజు ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. ఆమె పట్టుదలంతా దానికోసమే. స్టేషన్ రావాలి, అది వచ్చిందని అక్కడి మనిషి లేచిపోకూడదు.

ఆ నియమాల్లోనే ఆమె స్వయంగా చేర్చినది ఒకటుంది. పైన ఉండే ఇంటికి ప్రధాన తలుపు స్టేషన్ రోడ్డు వైపే ఉండాలి. వెనక గల్లీలోకి ఉంటే పర్మిషన్ ఇవ్వరు. ఇది ఏ శిక్షణలోంచీ తెచ్చింది కాదు. ఒకరోజు సైటు నుంచి నడిచి వస్తుంటే నాకు కారణం చెప్పారు. ఆమె చదువుకునే రోజుల్లో సెలవులకు ఇంటికి వస్తే, సాయంత్రం బండి దిగి స్టేషన్ నుంచి నడిచిపోయే దారి పొడుగునా పత్తి జిన్నింగు మిల్లులే. సీజన్ కాకపోతే గేట్లన్నీ మూసి ఉండేవి. ఒకసారి ఎవడో వెంటపడ్డాడు. ఆమె పరుగెత్తి ఒక గేటు తర్వాత ఒక గేటు బాదుతూ పోయారు. లోపల మనిషి ఉంటే కదా పలకడానికి. “గేట్లున్నయ్ గని తల్పులు లేవు రజితా. తల్పంటే ఎనక మనిషుండాలె” అన్నారు. ఆ తర్వాత ఏమైందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కాబట్టి తన చేత్తో వేసే స్టేషన్ రోడ్డు మీద, మడిగెలు మూసిన తర్వాత కూడా, ప్రతి పది గజాలకూ ఒక ఇంటి తలుపు ఉండాలి. బండి దిగిన ఆడపిల్ల ఏ తలుపు తట్టినా ఒక మనిషి పలకాలి. నాకు ఆ నియమం అద్భుతంగా తోచింది. ఇప్పటికీ దాని ఉద్దేశంలో నాకు తప్పు కనబడదు.

నియమాలు ఖాయం చేసేముందు జనం మాట వినాలి కదా. ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. ఊళ్లోని షావుకార్లు, ప్లాట్ల వ్యాపారులు, కౌన్సిలర్లు, వెనక కుర్చీల్లో వాడవాళ్లు. మేడం మైకు పట్టుకుని ఒక్కొక్క నియమం విడమర్చి చెప్పారు. తలుపు సంగతి వచ్చినప్పుడు రాజవ్వ లేచి నిలబడింది. అంతమంది మగవాళ్లలో లేచి నిలబడటానికే ఆమెకు ఎంత ధైర్యం కావాల్సి వచ్చిందో. కొంగు భుజం చుట్టూ కప్పుకుని అడిగింది.

“మడిగెలు రోడ్డు దిక్కే పెడ్తం మేడం. ఇంటి దర్వాజ ఒక్కటి ఎప్పటి తీర్గ గల్లీల ఉంచుకుంటం. గంతే.”

“ఎందుకు రాజవ్వా?” అన్నారు మేడం. ఆ వెంటనే, “దక్షిణం దిక్కు తలుపు పెడ్తె యముడు రైలు దిగి వస్తడా?” అన్నారు.

హాలు గొల్లుమంది. ఒక కౌన్సిలర్ టేబుల్ మీద చరిచాడు. వాడవాళ్లు కూడా కొందరు నవ్వారు. రాజవ్వ కూడా తలొంచుకుని నవ్వి, కూర్చుంది. మేడం అప్పుడు నవ్వు ఆపి, స్టేషన్ రోడ్డు మీద చీకటి పడ్డాక ఆడవాళ్లు ఎందుకు భయపడతారో, ఇంటి తలుపులు ఉంటే ఆ భయం ఎలా పోతుందో చాలా బాగా చెప్పారు. హాలు చప్పట్లు కొట్టింది. నియమం అలాగే ఖాయమైంది.

ఆ తర్వాత ఎవరూ ధర్నా చేయలేదు, ఎవరూ కాగితం పెట్టలేదు. అడగాల్సింది ఒకసారి అడిగారు, అయిపోయింది. ప్లాన్లు గీసే ఇంజనీర్లు మాత్రం వాడవాళ్ల చెవిలో ఉపాయం చెప్పారు. పర్మిషన్ కోసం రోడ్డు వైపు తలుపు పెట్టండి, తర్వాత లోపలినుంచి ఇటుకలు పేర్చి మూసేయండి అని. ఒకసారి పెట్టినంక దర్వాజ దర్వాజే గద సార్ అన్నారట వాడవాళ్లు. నిలబెట్టిన దర్వాజకు పసుపు పెట్టి, మామిడాకులు కట్టి, పూజ చేసే మనుషులు. దాన్ని దొంగతనంగా నిలబెట్టి దొంగతనంగా మూయడం వాళ్ల వల్ల కాలేదు. అబద్ధం ఆడటం చేతకాని మనుషులకు మన రూల్సుతో ఎప్పుడూ కష్టమే. ముందుగా అమ్ముకుని వెళ్లింది రాజవ్వ వాళ్లే. తర్వాత పక్కిల్లు, ఆ పక్కిల్లు. ఊరి అవతల, హుజూరాబాద్ పోయే దారిలో, చవగ్గా దొరికిన జాగాల్లో ఉత్తరం మొహం ఇళ్లు కట్టుకున్నారు. అక్కడ సాంచాలకు సరిపోయే కరెంటు లేదు. సాంచాలు పాత ఇనుము కింద పోయాయి.

జాగాలకు రేటు పెరిగింది కాబట్టి ఆశపడి అమ్ముకున్నారని మేడం అనుకున్నారు. మేమందరం అదే అనుకున్నాం. ఇంత చేసినా ఉండరైతిరి అని ఆమె లోపల్లోపల వాళ్ల మీద అలిగారు కూడా. కొన్నవాళ్లు బయటి వ్యాపారులు. కట్టడంలో వాళ్లు రూలు అక్షరాలా పాటించారు. కింద మడిగెలు, రోడ్డు అంచు దాకా కట్టడం, ముందు నీడ, అన్నీ ఉన్నాయి. ప్రతి బిల్డింగుకూ రోడ్డు వైపు ఒక తలుపు కూడా ఉంది, సన్నటి ఇనుప జాలీ తలుపు, పైకి మెట్లు. కాగితం మీద పైన ఉన్నవి ఇళ్లే, నిజానికి బట్టల గోదాములు, ఏదో ఫైనాన్సు ఆఫీసు, పగలు మాత్రమే నడిచే ట్యూషన్లు. ఒక్క పొయ్యి వెలగదు. పొద్దుగూకితే మడిగెలకు షట్టర్లు, మెట్ల తలుపులకు తాళాలు. నేను ఫైళ్ల మీద సంతకాలకు వెళ్లినప్పుడు మేడం కిటికీలోంచి ఆ వైపు చూస్తూ ఉండేవారు. ఆ ఏడాదే ఆమె రిటైరయ్యారు.

రిటైరయ్యాక చలికాలంలో ఒకరోజు ఫోన్ చేసి, రైల్లో వస్తున్నాను, స్టేషన్‌కు రా, నడిచిపోదాం అన్నారు. బండి దిగేసరికి చీకటి పడింది. మాతోపాటు దిగిన పదిమంది ఆటోలెక్కి వెళ్లిపోయారు. మేమిద్దరం నడవడం మొదలుపెట్టాం. నడవడానికి అన్నీ బాగానే ఉన్నాయి, ఆమె గీసినట్టే. మనుషులే లేరు. ఎక్కడో వెనక ఒక బైకు నెమ్మదిగా వస్తున్న చప్పుడు. ఆమె నా మణికట్టు పట్టుకున్నారు. ఆరడుగుల గొంతున్న మనిషి, కౌన్సిల్ మొత్తాన్ని ఎదిరించిన మనిషి, చేయి చల్లగా ఉంది. బైకు మమ్మల్ని దాటి తన దారిన పోయింది. కొంతసేపటికి అన్నారు, “మా ఊరి రోడ్డు తీస్కచ్చి ఈడ పర్సిన రజితా.” నాకు ఏడుపొచ్చింది. ఏదో సర్ది చెప్పబోతే వినలేదు. రేపొద్దున రాజవ్వ ఇంటికి పోదాం అన్నారు.

రాజవ్వ ఇల్లు వెతకడానికి పెద్ద కష్టం కాలేదు. రెండు గదులు, ముందు చిన్న వాకిలి, బీడీలు చుట్టే చాట. మమ్మల్ని చూసి గాబరాపడి చాట పక్కన పెట్టి, చాప వేసి, చాయ్ పెట్టబోయింది. గోడకు మల్లేశం ఫోటో దండతో ఉంది. మేడం దాన్ని చూసి చాప మీద కూర్చున్నారు. తర్వాత సూటిగా, తప్పు చేసిన రాజవ్వా, నీ దర్వాజ సంగతి నేను వినలే అన్నారు. మీరు మంచికే చేసిండ్రు అని రాజవ్వ అంది. ఆడపిల్లలు భయపడొద్దని చెప్పిండ్రు కదా, అది నాకు యాదికుందని కూడా అంది. అంతటితో ఊరుకుంటుందేమో అనుకున్నాను. కానీ మేడం వదల్లేదు. ఎందుకడిగినవో ఇప్పుడన్న చెప్పు అన్నారు.

రాజవ్వ చాప అంచు వైపు చూస్తూ చెప్పింది. “గా మీటింగు దినం ఆయన కరీంనగర్ల దవాఖానల ఉండె మేడం. దూది దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైనయన్నరు. ఇంట్ల మా అత్త, ఆడిబిడ్డలు. దక్షిణం దిక్కు తలుపు పెట్టినంక ఆయనకు ఏమన్న అయితే, పెట్టించిన దాన్ని నేనే అయిత. దుమ్మును ఎవ్వలంటరు మేడం? నన్నే అంటరు. గదంత అందరి ముందట ఎట్ల జెప్పాలె?”

నేను ఫోటో వైపు చూశాను. ఆయన ఎప్పుడు పోయిండు అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

“గీ ఇంట్లనే పోయిండు బిడ్డా, వచ్చిన రెండో యేడు. ఉత్తరం దిక్కు తలుపే గద ఇది. పోయేటోడు పోనే పోయిండు.” కొంగుతో మొహం తుడుచుకుంది. “గని నన్ను ఎవ్వలు ఒక్క మాట అనలే.”

తిరుగు బస్సులో మేడం కిటికీ వైపు కూర్చున్నారు. ఆడవాళ్లకు అండగా ఉండాలని రాసిన నియమం అది. రాసిన మనిషి ఆడమనిషి, అడిగిన మనిషి ఆడమనిషి, ఇద్దరికీ కావాల్సింది భయం లేకుండా బతకడమే. ఒకరిది రోడ్డు మీది భయం, ఇంకొకరిది ఇంట్లోది. బస్టాండ్ దగ్గరపడుతుండగా ఆమె నా వైపు తిరిగారు.

“ఎందుకు అని అడిగిన గద రజితా. ఆమె నోరు తెరవకముందే జవాబు నేనే చెప్పుకున్న.”

ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. రిటైరైన మనిషి మాట ఎవరు వింటారు? అయినా పాత ఆఫీసు చుట్టూ తిరిగారు. ఒకప్పుడు తన ముందు నిలబడటానికి భయపడినవాళ్ల బల్లల ముందు బెంచీ మీద కూర్చుని ఎదురుచూశారు. ఇంటి తలుపు రోడ్డు వైపు గానీ వెనక గల్లీ వైపు గానీ ఇంటివాళ్ల ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు అని మార్చమని, వెనక గల్లీలో దీపాలు వేయమని అడిగారు. ఆరోగ్యం పాడయ్యాక కూడా ఫోన్లో నన్ను అదే అడిగేవారు, ఏమైంది, ఎక్కడిదాకా వచ్చింది అని. ఆమె పోయిన కొన్నాళ్లకు ఆ మార్పు వచ్చింది. నేను ఆసిఫాబాద్‌కు బదిలీ అయ్యే ముందు ఆ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను, ఎవరికైనా చెబుదామని. చెప్పడానికి అక్కడ ఒక్క ఇల్లు కూడా మిగల్లేదు. ఆమె బతికుండగా మార్చి ఉంటే మాత్రం ఎవరు తిరిగొచ్చేవారు అని నన్ను నేను సముదాయించుకుంటాను. ఆ సముదాయింపు నిలవదు. కనీసం ఆమె అయినా చూసి పోయేవారు.

ఆమె దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. ప్లాను ఎలా చదవాలో, పెద్దమనుషుల ముందు ఎలా నిలబడాలో, సంచులు మోసి ఊరిని ఎలా తూచాలో. అవన్నీ ఆమె నేర్పాలనుకుని నేర్పినవి. ఆమె నేర్పాలనుకోకుండా నేర్పింది ఒకటుంది, దానికి ఆమె చాలా ఎక్కువ మూల్యం చెల్లించుకున్నారు. పోయినవారం ఇక్కడ బజారు రోడ్డు నియమాల మీద సభ జరిగింది. మడిగెల ముందు నీడకు రేకులు వేయాలన్న మాట దగ్గర ఒక పెద్దామె లేచి, మా ఇంటి ముందట నీడ వద్దు బిడ్డా అంది. ఈ ఎండల్లో నీడ వద్దనే మనిషా? హాల్లో నవ్వులు మొదలయ్యాయి. నా నాలుక చివరికి ఒక జోకు వచ్చింది. మంచి జోకే, మేడం విని ఉంటే మెచ్చుకునేవారు. మింగేశాను. మైకు పక్కన పెట్టి, ఆమె దగ్గరికి నడిచి వెళ్లి, ఎందుకమ్మా అని అడిగి నిలబడ్డాను. ఆమె నా మొహంలోకి చూసింది, చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. “ఇంటికి రా బిడ్డా, చెప్త” అంది.

మర్నాడు వెళ్లాను. ఆమె చెప్పింది ఇక్కడ రాయను, అది ఆమె ఇంటి మాట. నియమంలో ఒక వాక్యం మార్చాను, అంతే. ప్రమీల మేడం ఉంటే ఆమెను వెంట తీసుకుపోయేదాన్ని.